పింఛాల కొండ కింద రెండో క్యూ

పింఛాల కొండ మీద ఒక విశ్వవిద్యాలయం ఉండేది. కొండ నీలాంబరం అనే నెమలిది, విశ్వవిద్యాలయమూ ఆయనదే. అక్కడ ఏం చదువు చెబుతారో అడవిలో ఎవరికీ సరిగా తెలియదు. ఎంతమందిని వద్దన్నారో మాత్రం అందరికీ తెలుసు. రోజూ పొద్దున్నే నీలాంబరం గేటు పక్కనున్న బండెక్కి, మెడ సాచి, సీటు రానివాళ్ళ పేర్లు కొండంతా మారుమోగేలా అరిచేవాడు.

"కుందేలు వారి పెద్దబ్బాయి, వద్దన్నాం! ఉడుతల వారి కవలలు, ఇద్దరినీ వద్దన్నాం!"

కింద వింటున్న అమ్మానాన్నలు "అబ్బ, ఎంత గొప్ప చదువో!" అనుకుని, మర్నాడు ఇంకాస్త పెందలాడే వచ్చి క్యూలో నిలబడేవారు.

ఆ క్యూలో పోలమ్మ అనే మేక, తన కూతురు చిట్టెంని వెంటబెట్టుకుని నిలబడింది. గొప్ప కోసం కాదు. వానలు పడితే చాలు, మేకల మందలో గిట్టలు కుళ్ళే జబ్బు మొదలవుతుంది. పోయిన ఏడు చిట్టెం అక్క ఆ జబ్బుతోనే పోయింది. దానికి మందు తెలిసినవాడు కూర్మయ్య మాస్టారు ఒక్కడే. ఆ తాబేలు కొండ మీద పాఠాలు చెబుతాడు. వానలు ముదిరేలోగా కూతురు ఆయన దగ్గర కూర్చుని ఆ వైద్యం నేర్చుకుంటే చాలు, ఇంకేం వద్దనుకుంది పోలమ్మ.

గేటు దగ్గర ఇంటర్వ్యూ చేసేది చలమయ్య అనే నక్క.

"ఏం వచ్చు నీకు?"

"గిట్ట వాసన చూసి, జబ్బు మొదలైందో లేదో చెప్పగలనండి," అంది చిట్టెం.

"నేనడిగింది అది కాదు. పాట వచ్చా? ఈత వచ్చా? నాయకత్వం ఉందా?"

"అంటే ఏంటండీ?"

"నీ వెనకాల ఎవరైనా నడుస్తారా?"

"మా అమ్మ వెనకాల నేను నడుస్తానండి."

"మామూలు పిల్ల," అని చలమయ్య తోకతో పక్కకి తోసేశాడు.

పోలమ్మ కూతురికి పాట నేర్పించింది. మేక పాట ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, చుట్టుపక్కలవాళ్ళు పాపం ఓర్చుకున్నారు. వాగులో దింపి ఈత నేర్పించింది. ఓ నాలుగు గొర్రెపిల్లల్ని బతిమాలి కూతురి వెనకాల నడిపించింది. మళ్ళీ వచ్చి గేటు ముందు నిలబడింది.

"పాటా, ఈతా, నాయకత్వమా?" చలమయ్య ఆవులించాడు. "ఇవన్నీ వచ్చిన పిల్లలు ఈ క్యూలో బోలెడంతమంది. దీనికంటూ ప్రత్యేకంగా ఏం వచ్చో చెప్పు."

"గిట్ట వాసన చూసి..."

"ఆఁ! అదీ ప్రత్యేకమంటే! ముందే చెప్పొద్దూ?"

"ముందే చెప్పాం కదయ్యా బాబూ!"

"అప్పుడు చెప్పింది అప్పటికి. ఇప్పుడు పిల్లకి వయసు మీరింది. తరవాతివాళ్ళు రండి!"

పోలమ్మకి ఒళ్ళు మండిపోయింది. కొమ్ములు దించబోతే వెనకనుంచి గంగులు ఆపాడు. గంగులు గాడిద. ఓర్పు అనేది ఆ క్యూలో ఎవరికైనా ఉంటే అతనికే ఉంది.

"ఊరుకో వదినా. దీనికే కోపమా? నేను మా అబ్బాయి కోసమని ఈ క్యూలో నిలబడ్డాను. వాడికి పెళ్ళై పిల్లలు కూడా పుట్టారు. ఇప్పుడు మనవడి కోసం నిలబడుతున్నా."

"మనవడికైనా వస్తుందంటావా?"

"వస్తుందని కాదులే. ఇక్కడ నిలబడితే నలుగురిలో కాస్త మర్యాదగా ఉంటుంది."

"నీ మర్యాద మండిపోనూ!" అంది పోలమ్మ.

అప్పటికే వారంగా జల్లులు పడుతున్నాయి, ఆ మధ్యాహ్నం ఇంకో జల్లు పడింది. వందల కాళ్ళు తొక్కిన క్యూ దారంతా బురదైపోయింది. దిగుతుంటే తల్లి నడక చూసి చిట్టెం ఆగింది.

"అమ్మా, ముందుకాలు ఇలా పెట్టు." గిట్టల సందున ముక్కు పెట్టి చూసి, తలెత్తలేదు. "మొదలైందమ్మా. అక్కకి ఇలాగే మొదలైంది."

 పోలమ్మ కుంటుకుంటూ కొండ చుట్టూ తిరిగి వెనక కంచె దగ్గరికెళ్ళింది. గేటు లోంచి పంపకపోతే కంచె మీంచైనా మాస్టారిని అడుగుదామని.

లోపల కూర్మయ్య మాస్టారు మెడ చాచి పాఠం చెబుతున్నాడు. ఎదురుగా ఒక్క పిల్ల లేదు. బండరాళ్ళు వరసగా ఉన్నాయి.

"మాస్టారూ, పిల్లలేరండీ?"

"ఎవర్ని చేర్చుకున్నారు గనక? అందుకే వీటికి చెబుతున్నా. బుద్ధిగా వింటాయి, అల్లరి చెయ్యవు. ప్రశ్న అడిగితేనే బొత్తిగా పలకవు."

"ఇంతమంది గేటు దగ్గర పడిగాపులు కాస్తుంటే, లోపల ఖాళీయా! ఎందుకు చేర్చుకోరు?"

"చేర్చుకుంటే క్యూ తగ్గుతుంది. క్యూ తగ్గితే దొరగారి పేరు తగ్గుతుంది."

"మీరైనా దిగి వచ్చెయ్యొచ్చు కదండీ!"

"నా నడకకా? నేను గేటు దాటేలోపు ఆ చలమయ్య నన్ను తిప్పి లోపల పెట్టేస్తాడు. ఇప్పటికి చాలాసార్లు పెట్టాడు." మాస్టారు ఆమె కాలు వైపు చూశాడు. "అది ఈ కంచె మీంచి అరిచి చెప్పే వైద్యం కాదమ్మా. పిల్ల నా పక్కన కూర్చోవాలి. ఆకు గుర్తుపట్టాలి, పుండు కడగాలి, చెయ్యి తిరగాలి. ఆలస్యం మాత్రం చెయ్యకు."

పోలమ్మ కొండ దిగుతూ దిగుతూ ఒక ఆలోచన చేసింది. దాన్ని గంగులు చెవిలో చెప్పింది. చెవి పెద్దది కనక అంతా పట్టింది.

మర్నాడు పొద్దున పోలమ్మ కొండెక్కలేదు. కొండ కింద పాడుబడిన తాటాకుల పాక ఒకటుంది. ముందొక తలుపు, వెనకొక తలుపు. ఆ ముందు తలుపుకేసి చూస్తూ, అదేదో గుడి తలుపన్నట్టు, గంభీరంగా నిలబడింది.

కొండెక్కబోతున్న గొర్రెలు ఆగాయి.

"ఏంటక్కా, ఇక్కడ నిలబడ్డావు?"

"చెప్పకూడదు."

"ఎందుకు చెప్పకూడదు?"

"చెబితే నా చోటు పోతుంది."

గొర్రెలు ఒకదాని మొహం ఒకటి చూసుకుని, చప్పుడు చెయ్యకుండా ఆమె వెనక నిలబడ్డాయి. వాటిని చూసి కుందేళ్ళు, వాటిని చూసి ఉడుతలు. కాసేపటికి కొండ మీది క్యూ మొత్తం పాక ముందుకి దిగిపోయింది. ఎందుకు నిలబడ్డారో ఎవరికీ తెలియదు. ముందున్నవాళ్ళని అడిగితే "చెప్పకూడదట" అన్నారు. దాంతో ఇదేదో చాలా పెద్ద చదువేనని అందరికీ నమ్మకం కుదిరింది.

పైనుంచి నీలాంబరం చూశాడు. గేటు ముందు ఒక్క పురుగు లేదు.

"చలమయ్యా! మన క్యూ అక్కడెందుకుందోయ్? వెళ్ళి కనుక్కురా!"

చలమయ్య దిగాడు. ఒక గొర్రెని అడిగాడు, ఉడుతని అడిగాడు. అందరూ నోరు బిగించారు. నక్క బుర్ర గిర్రున తిరిగింది: ఇంతమంది ఇంత గుట్టుగా నిలబడ్డారంటే, తనొక్కడే నష్టపోతున్నట్టు! చివర్న వెళ్ళి తనూ నిలబడ్డాడు.

ఎంతసేపటికీ నక్క తిరిగి రాకపోయేసరికి నీలాంబరానికి తిక్కరేగింది. రెక్కలు టపటపలాడిస్తూ తనే దిగాడు.

"తప్పుకోండి! నేను లోపలికెళ్ళి చూడాలి!"

"క్యూలో రండి దొరా," అన్నాయి గొర్రెలు ఒక్క గొంతుతో. "అలవాటు చేసింది మీరే కదా."

నీలాంబరం పింఛం ముడుచుకుని చలమయ్య వెనక నిలబడ్డాడు. అదే అదను. చిట్టెంని తీసుకుని గంగులు కొండ వెనక దారిలో పైకెళ్ళాడు. గేటుకి కాపలా లేదు. కూర్మయ్య మాస్టారిని వీపు మీద ఎక్కించుకున్నాడు. "జాగ్రత్తగా పట్టుకోండి మాస్టారూ, మోత నాకు అలవాటే," అంటూ దిగొచ్చి, పాక వెనక తలుపులోంచి లోపలికి చేర్చాడు.

ఈలోపు పోలమ్మ కుంటుకుంటూ క్యూ చివరికొచ్చింది.

"ఏం వచ్చు మీకు?" అని నీలాంబరాన్ని అడిగింది.

"నన్నా? నాట్యం వచ్చు!"

"నాట్యం వచ్చిన నెమళ్ళు బోలెడు. ప్రత్యేకంగా ఏం వచ్చు?"

నీలాంబరం పింఛం విప్పి చూపించబోయాడు. చలమయ్య నేలచూపులు చూశాడు.

అంతలో పాక తలుపు తెరుచుకుంది. లోపల్నుంచి మాస్టారి గొంతు వినిపించింది. "ఏంటా నిలబడటం? వానొస్తోంది, అందరూ లోపలికి రండి! ఇరుక్కుని కూర్చుంటే చోటు సరిపోతుంది!"

బిలబిలమంటూ అందరూ లోపలికి పోయారు. గంగులు మనవడు కూడా.

"అందరికీ సీటేనా?" నీలాంబరం నోరెళ్ళబెట్టాడు. "ఏమీ అడక్కుండానే?"

"మీరూ రండి, చోటుంది," అంది పోలమ్మ.

"అందరూ చేరే చోట చేరడం నాకేం గొప్ప!" అని నెమలి విసురుగా కొండెక్కిపోయాడు. చలమయ్య అటోసారి, ఇటోసారి చూసి, "నేను తనిఖీకి వచ్చాను," అంటూ వెనక వరసలో కూర్చున్నాడు.

వాన రోజుల్లో పాకలో పాఠం సాగింది. చిట్టెం గాయపాకు గుర్తుపట్టడం నేర్చుకుంది, పుండు కడగడం నేర్చుకుంది. ఒక పొద్దున తల్లి కాలు ఒళ్ళో పెట్టుకుని పసరు పిండుతుంటే, కొండ మీంచి అరుపు వినిపించింది. చెప్పడానికి పేర్లు లేక నీలాంబరం అరుస్తున్నాడు.

"తాటాకుల పాక! దాన్నీ వద్దన్నాం!"

"కదలకమ్మా," అంది చిట్టెం.

"నవ్వొస్తుంటే ఎలా కదలకుండా ఉండను?" అని పోలమ్మ లేచి, ఆ కాలు నేల మీద ఆన్చి నాలుగడుగులు వేసింది. కుంటలేదు.

నీతి: బడి గొప్పతనం గేటు బయట నిలబెట్టినవాళ్ళతో రాదు, లోపల కూర్చోబెట్టి నేర్పినవాళ్ళతో వస్తుంది.