బూడిదగాడు కరిచిన కాలు

పట్నంలో కోళ్ళ మార్కెట్ వెనక రెండు సందులున్నాయి. ఒకటి కమ్మరి సందు, రెండోది ఉప్పుగోదాం సందు. ఒక్కో సందులో ఏడేసి కుర్ర కుక్కలు. పుట్టు రౌడీలేం కాదు పాపం, కడుపు నిండితే ఎండలో కాళ్ళు చాపుకుని పడుకునే రకం.

ఆ కడుపు నిండే రోజులు పోయాయి. ఇదివరకు దుకాణాలవాళ్ళు కోడి పేగులూ కాళ్ళూ గోడవతల పారేసేవాళ్ళు. రెండు సందులూ పంచుకు తినేవి. ఇప్పుడు వాటికీ గిరాకీ వచ్చింది. మధ్యాహ్నం కాగానే చేపల చెరువుల లారీ వచ్చి మేతకని డ్రమ్ములు ఎత్తుకుపోతోంది. మలుపులో కుదుపుకి రాలిన నాలుగు పేగులే కుక్కలకి మిగిలేవి. ఈమధ్య అవి కూడా కనిపించడం మానేశాయి.

కమ్మరి సందులో బూడిదగాడని ఓ కుర్ర కుక్క ఉంది. టీ కొట్టు పొయ్యి బూడిదలో పుట్టాడు, పేరు అలాగే స్థిరపడింది. మూడు రోజులుగా వాడి పొట్టలోకి పోయింది టీ పొడి పిప్పీ, బన్ను చుట్టిన కాగితమూ. ఏం చెయ్యాలో తోచక గోడకేసి మొరిగేవాడు. గోడ చేసిన తప్పేమిటో వాడికీ తెలీదు.

సరిగ్గా అప్పుడే దిగాడు నక్క బాబాయి. కాపురం రైలుకట్ట అవతల తుమ్మపొదల్లో, పెత్తనం ఈ సందుల్లో.

"ఏరా అబ్బాయిలూ, డొక్కలు వీపుకంటుకున్నాయే!"

"తిండి లేదు బాబాయ్. మలుపు దగ్గర కూడా ఏం దొరకడం లేదు," అన్నాడు బూడిదగాడు.

"ఎలా దొరుకుతుందిరా? ఉప్పుగోదాం వాళ్ళు ముందే ఊడ్చేస్తుంటే! ఆ సున్నంగాడు ఎలా బలిశాడో చూశావా?"

సున్నంగాడూ బూడిదగాడూ కూనలప్పుడు ఒకే ఇసక గుట్ట మీద దొర్లినవాళ్ళు.

"వాడా? నిన్న చూశాను బాబాయ్. సన్నగానే ఉన్నట్టున్నాడే..."

"వెనకనుంచి చూసుంటావు."

బూడిదగాడు తికమకపడ్డాడు. వెనకనుంచే చూశాడా? ఏమో, అయ్యుండొచ్చు.

కుక్కల్లో ఓ మర్యాద ఉంది. తగువుకి దిగేముందు ఒకడి మూతి ఒకడు వాసన చూడాలి. ఎవడేం తిన్నాడో అక్కడే తేలిపోతుంది, సగం తగువులు అక్కడే ఆగిపోతాయి.

"పోనీ, వెళ్ళి మూతి వాసన చూసొస్తాను," అన్నాడు బూడిదగాడు.

"అవన్నీ ముసలి కుక్కల చాదస్తాలురా! నువ్వు మూతి చాపేలోపు వాడు నీ ముక్కు కొరికేస్తాడు. మగాడివైతే పరుగున పోయి కరిచెయ్యి. రేపు లారీ వచ్చే వేళకి, ఉప్పుగోదాం చివర. అందరూ రండి!"

ఆకలి రుచెరగదంటారు. న్యాయమూ ఎరగదు. ఏడుగురూ తలలూపారు. అటు సందులో పొద్దున్నే ఇవే మాటలు చెప్పి వచ్చాడని వాళ్ళకేం తెలుసు? నక్కను తొక్కినవాడికి అదృష్టమంటారు గానీ, వీళ్ళని నక్కే తొక్కింది.

మర్నాడు మధ్యాహ్నం రెండు సందులూ కలబడ్డాయి. బూడిదగాడు మూతీ చూడలేదు, మొహమూ చూడలేదు. పరుగున పోయి సున్నంగాడి వెనక కాలు పట్టేశాడు. ఎముక పుటుక్కుమంది. ఇద్దరూ దొర్లారు, మూతి మూతికి ఆనింది, వద్దన్నా వాసన తగిలింది. మాంసం లేదు. ఎండు మట్టీ, ప్లాస్టిక్ కవరూ. తన నోట్లోలాగే ఉత్త ఆకలి వాసన.

"ఒరేయ్, నువ్వేం తిన్లేదా?"

"నాలుగు రోజులైంది! తింటున్నది మీరేనటగా!" సున్నంగాడు ఏడుస్తూనే అరిచాడు.

"ఎవరన్నారు?"

"నక్క బాబాయి."

బూడిదగాడి బుర్ర గిర్రున తిరిగింది. కోపం ఎవరిమీద వచ్చింది, కరిచింది ఎవర్ని? సున్నంగాడు మూడు కాళ్ళ మీద లేచి నిలబడ్డాడు. బూడిదగాడు నొప్పిగా ఉందా అని అడగబోయి, సిగ్గేసి, తల తిప్పుకున్నాడు.

సాయంత్రం నక్క బాబాయి మెచ్చుకోడానికి వచ్చాడు. బూడిదగాడు దండం పెట్టే నెపంతో దగ్గరికెళ్ళి ఆ మూతి వాసన చూశాడు. కోడి పేగు, అదీ తాజాది.

"శభాష్‌రా! రేపు కూడా ఇలాగే."

"అలాగే బాబాయ్," అన్నాడు బూడిదగాడు, నక్క వినయం నక్కకే చూపిస్తూ.

ఆ రాత్రే రెండు సందులకీ సంగతి చెప్పాడు. రేపు రానే వచ్చింది. మలుపుకి దూరంగా, ఉప్పుగోదాం చివర తొమ్మిది కుక్కలు వరసగా కూచుని, ఒకదాన్నొకటి చీల్చుకుంటున్నట్టు గోల చేశాయి. మిగతా ఐదూ మలుపులో తోపుడు బండి వెనక నక్కాయి. లారీ కుదిపింది, పేగులు రాలాయి. గోతికాడ కాచుకున్న నక్క బాబాయి వచ్చి నోరు పెట్టాడో లేదో, చుట్టూ ఐదు మూతులు.

"నువ్వు చెప్పబట్టే నావాణ్ణి కరిచాను!" అన్నాడు బూడిదగాడు.

"నేను కరవడం నేర్పలేదురా అబ్బాయ్," నక్క బాబాయి వెనక్కి జరుగుతూ అన్నాడు. "అది నీ ఆకలి నేర్పింది. నేను అడ్రసు చెప్పానంతే."

అని దూకాడు. ప్రాణం దక్కింది గానీ, తోకలో సగం తోపుడు బండి కిందే ఉండిపోయింది. మళ్ళీ ఆ సందుల వైపు రాలేదు.

రాలిన పేగులు పద్నాలుగు కుక్కలకీ తలో చిన్న ముక్క వచ్చాయి. మళ్ళీ రెండు రోజులకే అందరి డొక్కలూ లోపలికి పోయాయి.

"ఈ కుక్కలకి పొగరెక్కింది. కార్పొరేషన్ బండిని పిలవాలి," అనుకున్నారు దుకాణాలవాళ్ళు, లారీలోకి డ్రమ్ములెత్తిస్తూ.

"నక్క పోయాడు కదరా, మరి ఆకలి ఎందుకు పోలేదు?" అనడిగాడు సున్నంగాడు.

బూడిదగాడు లారీ వంక చూశాడు. లారీని కరవాలా? దాని టైరు తన తలకంటే పెద్దది. లోపల గుర్రు లేచింది, ఎవరిమీదో తెలియలేదు. ఎదురుగా అందేంత దూరంలో ఉన్నది సున్నంగాడి మంచి కాలొక్కటే. అది చూసి బూడిదగాడికి తనంటే తనకే భయమేసి, లేచి దూరంగా వెళ్ళి కూచున్నాడు.

నీతి: ఎండిన డొక్కల్ని వదిలేసి కోరల్ని తిడుతూ కూచుంటే ఊళ్ళో కాట్లు తగ్గవు.