సుడిగుండంలో ఇచ్చిన మాట

అనగనగా సముద్రం ఒడ్డున ఒక రాజ్యం, ఆ రాజ్యానికి ధవళకేతుడని ఒక రాజు. రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ప్రచండుడు, వాడికి కోపం ఎక్కువ. నడిమివాడు ప్రవీణుడు, వాడికి మాటలెక్కువ. చిన్నవాడు ప్రసన్నుడు. వాడికేమెక్కువంటారా? ఓపిక. ఎవరేం చెప్పినా మొదటినుంచి చివరిదాకా వినేవాడు. ఇంట్లో అందరూ వాణ్ణి మెతకవాడనుకునేవారు.

రాజుగారికి పడవ షికారంటే తగని ఇష్టం. ఒకనాటి పొద్దున ఒక్కడే చిన్న పడవ వేసుకుని బయల్దేరాడు. పళ్ళెంలో పోసిన పాలలా ఉన్న సముద్రం ఉన్నట్టుండి గిర్రున తిరిగింది. పడవ ముక్కలైంది. రాజుగారు గొంతుదాకా మునిగి గింగిరాలు తిరుగుతుంటే పొగమంచులోంచి నల్ల తెరచాప పడవ ఒకటి వచ్చింది. అందులో కంకాళుడనే మాంత్రికుడు, వాడి భుజం మీద ఒక చిలుక.

“తాడు వేస్తాను రాజా, ఉత్తినే మాత్రం వెయ్యను. ఈ చుట్టుపక్కల నూరామడ దూరంలో మరో పడవ లేదు. ఏడాది తిరిగేసరికి నీ రాజ్యం నాకివ్వాలి. నువ్వొచ్చి నా కోటలో బతికినన్నాళ్ళూ ఊడిగం చెయ్యాలి. సరేనా?” అన్నాడు కంకాళుడు.

ముక్కులోకి నీళ్ళు పోతున్న మనిషి ఏమంటాడు చెప్పండి? “సరే! నా రాజ్యం నీది, నేను నీ దాసుణ్ణి!” అని అరిచాడు. తాడు పడింది. రాజుగారు ఒడ్డున పడ్డారు.

అదేం పెద్ద విషయం, మాట తప్పితే పోలా అంటారేమో. కుదరదర్రా. ఆ ఏడు సముద్రాల మధ్య ఒక కట్టుబాటుంది. ఏడో సముద్రం నడుమ నల్లరాతి మీద వెయ్యేళ్ళ తాబేలు తాత ఉంటాడు. ప్రతి పున్నమినాడూ పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా అక్కడ తగవులు తీరుస్తాడు. ఆయన తీర్పు లేకుండా ఎవరు మాట తప్పినా వాళ్ళ రాజ్యంలో బావులన్నీ ఉప్పునీళ్ళయిపోతాయి. రాజుగారు మంచివాడు. తానొక్కడు కష్టపడినా సరే, ఊళ్ళో పిల్లలు ఉప్పునీళ్ళు తాగకూడదనుకున్నాడు. దిగులు దిగమింగుకుని ఊరుకున్నాడు. గడువు ఇక మూడు పున్నములుందనగా కొడుకులను పిలిచి సంగతి చెప్పాడు.

“వాడి తల తెస్తాను!” అని ప్రచండుడు కత్తి దూశాడు. ఏడు సముద్రాలు దాటి వెళ్ళాడు. కంకాళుడి ప్రాణం వాడి ఒంట్లో లేదని, చిలుకలో ఉందని ఎవరో చెబితే విన్నాడు. ఇంకేం, చిలుక మెడ పట్టుకుని నులిమాడు. అక్కడ కంకాళుడి కళ్ళు తేలిపోయాయి. “వదిలేశాను! మీ నాన్న మాట మీ నాన్నకే వదిలేశాను!” అని కేకలు పెట్టాడు. ప్రచండుడు గెలిచాననుకుని తాబేలు తాత దగ్గరికి వెళ్ళాడు.

తాత నింపాదిగా కళ్ళు తెరిచాడు. “గొంతు పట్టుకుని పలికించిన మాట మాట కాదు నాయనా. అది చెల్లదు. వెళ్ళిరా,” అన్నాడు.

ప్రచండుడు తల వేలాడేసుకుని తిరిగొచ్చాడు. రెండో పున్నమికి ప్రవీణుడు వెళ్ళాడు. తాత ముందు నిలబడి పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా ఊపిరి తీసుకోకుండా మాట్లాడాడు. “బారెడు తాటికి ఒక రాజ్యమా? ఇదేం బేరం తాతా? లోకంలో ఎక్కడైనా ఉందా?” అన్నాడు. కంకాళుడు నవ్వుతూ చిలుకను ముందుకు తోశాడు. చిలుక గడగడా పలికింది: “సరే! నా రాజ్యం నీది, నేను నీ దాసుణ్ణి!”

“బేరం గిట్టలేదని మాట రద్దు చెయ్యను. అలా చేస్తే లోకంలో ఏ బేరమూ నిలవదు,” అన్నాడు తాత. నడిమివాడు కూడా వెనక్కొచ్చాడు. ఇంటికొచ్చాక మూడు రోజులు నోరు విప్పలేదు. అదే మొదటిసారి.

ఇక మిగిలింది చిన్నవాడు, ఒక్క పున్నమి. ప్రసన్నుడు తండ్రి దగ్గర కూర్చుని, అంతదాకా ఎవరూ అడగనిది అడిగాడు.

“నాన్నగారూ, ఆ రోజు ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పండి. తాడు దగ్గర్నుంచి కాదు. పడవెక్కిన దగ్గర్నుంచి.”

“ఏముంది నాయనా, సముద్రం కదలకుండా ఉంది. అల్లంత దూరంలో మనవాళ్ళ చేపల పడవలు కనిపిస్తున్నాయి. ఇంతలో ఎక్కడో తిరగలి తిప్పుతున్నట్టు సన్నగా ఒక పాట వినబడింది. తర్వాతే మంచు కమ్మింది, నీళ్ళు తిరిగాయి.”

“సముద్రం మీద తిరగలి పాటా?” అన్నాడు ప్రసన్నుడు. ఇక ఆగలేదు. ఆ పాట ఎవరు పాడారో, కంకాళుడి భుజం మీదున్న చిలుకకు తెలిసి తీరాలనుకున్నాడు.

తెరచాప ఎత్తి ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, మూడు దాటాడు. నాలుగో సముద్రంలో ఒక గూడబాతు ముక్కుకి గాలం గుచ్చుకుని గిలగిల్లాడుతోంది. ప్రసన్నుడు గాలం తీసి, గాయానికి పసుపు పెట్టాడు. గూడబాతు వచ్చి పడవ అంచు మీద దర్జాగా కూర్చుంది.

“ఏమయ్యా రాజకుమారా, తాబేలు తాతకి రోజూ చేపలు మోసేది నేనే. ఆయన కట్టుబాట్లన్నీ నాకు కంఠతా వచ్చు. మూడు సంగతులు చెబుతా, బుర్రలో పెట్టుకో. మోసం తెలిసిందా, తెలిసిన రోజే తాతకి చెప్పుకో, నాన్చావంటే నీ మాట వినడు. తెలిశాక మాంత్రికుడి చేతి మెతుకు ముట్టకు, ముట్టావంటే ఆ బేరం నీకు సమ్మతమేనని లెక్క. మూడోది, మాట వెనక్కి కావాలంటే మీవాళ్ళు పుచ్చుకున్నది వెనక్కిచ్చెయ్యాలి.”

“మా నాన్నగారు పుచ్చుకున్నది ఆ తాడొక్కటే. అది ఆయన చేతికి చుట్టుకునే ఒడ్డుకొచ్చింది. ఇదిగో, తెచ్చాను.”

“కంకాళుడు అంతటితో ఊరుకుంటాడా!” అంది గూడబాతు. ఆ మాట ప్రసన్నుడి గుండెల్లో ములుకులా గుచ్చుకుంది.

గూడబాతు దారి చూపగా ఏడో సముద్రం చేరేసరికి పున్నమి పొద్దు పొడిచింది. పడవలో తిండి అయిపోయి మూడు రోజులైంది. బట్టలు తడిసి ముద్దయ్యాయి. కోట వాకిట్లో ముత్యాలి అనే పడుచు చిలుకకు జామపండు తినిపిస్తోంది. జాలరుల దొర కూతురు. పదేళ్ళప్పుడు చదువు చెబుతానని కంకాళుడు తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఇరవై ఏళ్ళొచ్చినా గడప దాటలేదు.

“పారిపోవచ్చు కదా?” అన్నాడు ప్రసన్నుడు.

“నేనూ మాటిచ్చానుగా! బతికినంతకాలం ఇక్కడే పనిచేస్తానని,” అంది ముత్యాలి. “అన్నం కలిపి పెడుతూ అడిగాడు. అప్పటికి నాకు దిక్కు ఆయనే. పదేళ్ళ పిల్లకి కాదనడం ఎట్టా తెలుస్తుంది బాబూ?”

ప్రసన్నుడికి కళ్ళు చెమర్చాయి. చిలుక వైపు తిరిగి, చెయ్యి కూడా వెయ్యకుండా, “చిలకమ్మా, మా నాన్నగారు చెప్పిన మాట పలుకు,” అన్నాడు.

“సరే! నా రాజ్యం నీది...”

“దానికి ముందు?”

చిలుక ఆగిపోయింది. తల వంకరగా పెట్టి చూసింది. “నన్ను ముందు సంగతి అడిగినవాడివి నువ్వే. ఒకడు మెడ నులిమాడు, ఒకడు నా వైపే చూడలేదు,” అంది. అని, అచ్చం కంకాళుడి గొంతుతో సన్నగా పాడింది:

“తిరుగు తిరుగు సుడీ, తిరగలిలా తిరుగు! కమ్ముకో మంచూ, చేపల పడవలు కనపడకుండా కమ్ముకో!”

ప్రసన్నుడికి ఒళ్ళంతా మండిపోయింది. సుడిగుండం తెచ్చినవాడే తాడు అమ్మాడన్న మాట! పడవలు దగ్గర్లోనే ఉన్నా లేవని బొంకాడన్న మాట!

అంతలో కంకాళుడు చేతులు చాచుకుంటూ వచ్చాడు. “రా నాయనా రా! అలసిపోయావు, ముందు భోంచెయ్యి,” అని వెండి కంచం పెట్టించాడు. నేతి వాసనకి ప్రసన్నుడి కడుపు అరిచింది. “వద్దు,” అన్నాడు. “తడిసిపోయావు, పట్టుబట్టలు కట్టుకో.” “వద్దు,” అన్నాడు వణుకుతూ. “సరే, మీ నాన్న రాజ్యం నీకే ఇస్తాను. నా కింద సామంతుడిగా ఏలుకో. ఇదిగో కిరీటం.” ప్రసన్నుడు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. “వద్దు. తాత దగ్గరికి పద.”

తగవుకి పిలిస్తే రానన్నవాడి కోట కూలిపోతుంది. అందుకని కంకాళుడు బయల్దేరాడు. చిలుకను తనే భుజానెక్కించుకున్నాడు, కిందటిసారి గెలిపించిన సాక్షి కదా! ముత్యాలిని పడవ నడపమన్నాడు.

నల్లరాయి చేరేసరికి పొద్దు బాగా వాలింది. ప్రసన్నుడు దణ్ణం పెట్టి అన్నాడు: “తాతా, గొంతు పట్టుకుని పలికించిన మాట మాట కాదని మా అన్నగారితో అన్నారు. మా నాన్నగారి గొంతు సుడిగుండం పట్టుకుంది. దాన్ని తెచ్చిందెవరో చిలుకనడగండి. తాడు దగ్గర్నుంచి కాదు, పాట దగ్గర్నుంచి.”

కంకాళుడు చిలుక ముక్కు మూయబోయాడు. చిలుక ఎగిరి తాత వీపు మీద వాలింది. పాట పాడింది, మంచు మాటా, మరో పడవ లేదన్న మాటా చెప్పింది. ఒక్క అక్షరం పొల్లు పోలేదు.

తాత కంకాళుడి వైపు తిరిగాడు. “బెదిరించి పుచ్చుకున్నావు, బొంకి పుచ్చుకున్నావు. ఈ మాట రద్దు చెయ్యవలసిందే. కుర్రవాడా, పుచ్చుకున్నది తిరిగిచ్చెయ్యి.”

ప్రసన్నుడు తాడు తీసి రాతి మీద పెట్టాడు. కంకాళుడు పగలబడి నవ్వాడు.

“తాడొక్కటేనా? నేనిచ్చింది ప్రాణం! ఆ రోజు నేను లాగకపోతే మీ నాన్న ఏడాది కిందటే పోయేవాడు. మాట వెనక్కి కావాలా? తీసుకో. ముసలాణ్ణి తెచ్చి మళ్ళీ సుడిగుండంలో దింపు. లెక్క సరి!”

సూర్యుడు నీళ్ళకి జానెడు ఎత్తున ఉన్నాడు. ప్రసన్నుడికి నాన్నగారి ముఖం కళ్ళముందు మెదిలింది. ఆయన తెల్లారి లేచి పడవెక్కిన దగ్గర్నుంచీ అంతా మరోసారి మనసులో నడిపించి చూసుకున్నాడు. అప్పుడు తలెత్తాడు.

“తాతా, మా నాన్నగారు పడవెక్కేటప్పటికే ప్రాణంతో ఉన్నారు. అది ఆయనదే. ఆయనది ఆయనకి ఇతనెలా ఇస్తాడు? ఆ రోజు ఇతను మా నాన్నగారికిచ్చినవి రెండే. ఒకటి తాడు, ఇచ్చేశాను. రెండోది సుడిగుండం. అది కూడా ఇతనిదే, ఇతన్నే తీసుకోమనండి.”

“తీసుకో కంకాళా, నీది నువ్వు తీసుకో,” అన్నాడు తాత.

అంతే! సముద్రం గిర్రున తిరిగింది. కంకాళుడు రాతి మీదనుంచి జారి అందులో పడ్డాడు. ప్రాణం చిలుకలో ఉంది కాబట్టి చావడు, ఊరికే బొంగరంలా తిరుగుతున్నాడు. “తాడు! తాడు వెయ్యి! ఏం కావాలన్నా ఇస్తాను, అడుగు!” అని కేకలు.

“ఏమీ అక్కర్లేదు, గట్టిగా పట్టుకో,” అని ప్రసన్నుడు తాడు విసిరి లాగేశాడు.

కంకాళుడు తడిసిన కోడిలా రాతి మీద కూలబడ్డాడు. ఏదో ఒకటి అడుగుతాడేమోనని ఎదురు చూశాడు. ప్రసన్నుడు ఏమీ అడగలేదు. అంత పెద్ద మాంత్రికుడూ మొదటిసారి సిగ్గుతో తల దించుకున్నాడు.

పొద్దు గుంకేలోపు తాత మరో రెండు తీర్పులు చెప్పాడు. అన్నం పెట్టే చెయ్యి పదేళ్ళ పిల్ల దగ్గర పుచ్చుకున్న మాట చెల్లదని ముత్యాలిని విడిపించాడు. చిలుకను అడక్కుండా దానిలో ప్రాణం దాచడం తప్పని, ఎవరి ప్రాణం వాళ్ళే మోసుకోవాలని కంకాళుడి ప్రాణం కంకాళుడికి ఇప్పించాడు. దాంతో మంత్రాలన్నీ పోయి, మోకాళ్ళ నొప్పులు మాత్రం వచ్చాయి.

ప్రసన్నుడికి ముత్యాలి మీద మనసు పడింది. ఇందులో దాచేదేముంది! “నన్ను పెళ్ళి చేసుకుంటావా?” అని అక్కడికక్కడే అడిగేశాడు.

ముత్యాలి నవ్వింది. “నా మాట నా చేతికొచ్చి గడియ కాలేదు బాబూ! అప్పుడే ఇంకొకరికిచ్చెయ్యనా? నన్ను విడిపించావు, ఇప్పుడడిగితే కాదనడానికి నోరు రాదు. కాదనగలిగినప్పుడు అడుగు. మా అమ్మ దగ్గరికి పోతా, ఆలోచించుకుంటా.”

ప్రసన్నుడు సరేనని ఒక్కడే ఇంటికొచ్చాడు. ధవళకేతుడు కొడుకుని పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. అన్నలిద్దరూ తమ్ముణ్ణి భుజాలమీద మోశారు. బావుల్లో నీళ్ళు తియ్యగా ఉన్నాయి. అందరూ సంబరపడుతుంటే మన ప్రసన్నుడు మాత్రం రోజూ ఒడ్డున కూర్చుని సముద్రం కేసి చూసేవాడు. కబురు పంపమన్నారు, పంపలేదు. కానుకలు పంపమన్నారు, అవీ పంపలేదు.

నెల గడిచింది. ఒక పొద్దున సముద్రం మీద ఒక చేపల పడవ కనిపించింది. ఎవరూ తోడు లేరు, ముత్యాలి తనే తెడ్డు వేసుకుంటూ వస్తోంది. ప్రసన్నుడు మోకాలి లోతు నీళ్ళలోకి పరిగెత్తి పడవ పట్టుకున్నాడు.

“ఇప్పుడు కాదనగలవా?” అన్నాడు.

“ఆఁ, బాగా కాదనగలను,” అంది ముత్యాలి. “అడుగు.”

అడిగాడు. సరేనంది. ఏడు రోజులు పెళ్ళి చేశారు. తర్వాత వాళ్ళిద్దరూ ఆ రాజ్యాన్ని అరవై ఏళ్ళు ఏలారు. అన్నేళ్ళలో వాళ్ళు ఎవరి దగ్గర మాట పుచ్చుకోవాలన్నా, ముందు ఆ మనిషిని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, “కాదనాలనిపిస్తే కాదను,” అని చెప్పి మరీ పుచ్చుకునేవారట. అయినా కాదన్నవాళ్ళు చాలా తక్కువట!