ఓరవాకిలమ్మ తలుపు

నల్లమల కొండల అడుగున, వాగు మలుపు తిరిగే చోట ఉన్న ఈ చిన్న గుడిని ఓరవాకిలమ్మ గుడి అంటారు. బస్సు దిగి వాగు దాటి మట్టిబాట వెంట రాగానే ముందు తలుపే కనిపిస్తుంది. ఒంటిరెక్క తలుపు. అది పూర్తిగా మూసి ఉండదు, బార్లా తెరిచీ ఉండదు. మనిషి పక్కకు తిరిగితే పట్టేటంత సందు మాత్రం ఉంటుంది. ఎంతటివారైనా అలా తిరిగే లోపలికి రావాలి. భారీ మనుషులు చిన్నబుచ్చుకోనక్కర్లేదు, అమ్మవారు ఇంతవరకు ఎవరినీ బయట నిలబెట్టలేదు. తలుపును భుజంతో నెట్టి వెడల్పు చేయబోయే తొందరపాటు భక్తులకు మాత్రం ఈ గుడి పూజారిగా నాదొక మనవి. నెట్టకండి బాబూ, ముందు కథ చదవండి.

లోపల విగ్రహం కోసం వెతకవద్దు. తలుపు వెనుక ఆనించి ఉన్న నల్లరాయే అమ్మవారు. ఆమెకు నైవేద్యం గుప్పెడు కల్లుప్పు.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. ఒక గొర్రెల దొడ్డి, దాని పక్కన ఒక గొల్లవారి ఇల్లు ఉండేవి. ఆ ఇంట్లో కాటయ్య, పోలయ్య అనే అన్నదమ్ములు, వారి చెల్లెలు ఓబుళమ్మ, కాటయ్య భార్య చెన్నమ్మ, ఉయ్యాలలోని చంటిబిడ్డ ఉండేవారు. అన్నదమ్ములకు పని ఎంత వచ్చో పంతమూ అంతే వచ్చు. ఒకరు ఔనంటే మరొకరు కాదనాలి. సంగటి వేడిగా ఉంటే బాగుంటుందని కాటయ్య అంటే, చల్లసంగటి తినేవాళ్ళంటే అన్నకు గిట్టదని పోలయ్య అలిగేవాడు. ఇలాంటి ఇళ్ళు ఇప్పుడు లేవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఒక ఎండాకాలం మేత కరువైంది. మందను కొండకు తోలుదామని పోలయ్య అన్నాడు. కొండ మీద చిరుత తిరుగుతోంది, బయలుకే తోలాలని కాటయ్య అన్నాడు. మాటకు మాట పెరిగింది. పొద్దున చల్లవేళ కొండ అంచుకు తోలి, మధ్యాహ్నానికి బయలుకు దింపితే సరిపోతుందని ఓబుళమ్మ అన్నది.

"నువ్వు నా పక్కనా, వాడి పక్కనా?" అని అన్నలిద్దరూ ఒక్క గొంతుతో అడిగారు. ఆ ఒక్క విషయంలో మాత్రం వారికి పొత్తు కుదిరింది.

"నేను గొర్రెల పక్కన," అన్నది ఓబుళమ్మ.

కాటయ్యకు రోషం వచ్చింది. మా మాట కాదన్నవాళ్ళకు మా ఇంట్లో కూడెందుకని నోరు జారాడు. చెల్లెలు తనను సమర్థించలేదన్న ఉక్రోషంతో పోలయ్య అడ్డు చెప్పలేదు. ఓబుళమ్మ కర్ర తీసుకుని, మందలోంచి తప్పిపోయిన చూలు గొర్రెను వెతకడానికి కొండెక్కింది. పొద్దు వాలినా తిరిగి రాలేదు. అన్నలిద్దరూ చెరో దారిన గాలించి, గొంతులు బొంగురుపోయేలా పిలిచి, వట్టి చేతులతో వచ్చారు.

చీకటి పడేవేళకు తలుపు దగ్గర మళ్ళీ తగువు మొదలైంది. చిరుత తిరుగుతోంది, బిడ్డ ఉన్న ఇల్లు, తలుపు మూయాలని కాటయ్య పట్టు. చెల్లెలు బయట ఉంది, తలుపు తెరిచి ఉంచాలని పోలయ్య పట్టు. "నీకు చెల్లెలు బతకడం ఇష్టం లేదు," అన్నాడు ఇతడు. "నీకు నా బిడ్డ బతకడం ఇష్టం లేదు," అన్నాడు అతడు. కాటయ్య బలం ఎక్కువ కనుక ఆ రాత్రి తలుపు మూసి గడియ వేశారు. తెల్లవారి తీసి చూస్తే గడప పక్కన ఓబుళమ్మ కర్ర ఆనించి ఉంది. ఆమె వచ్చింది. తట్టకుండానే వెళ్ళిపోయింది. కాటయ్య ఆ కర్రను ఒళ్ళో పెట్టుకుని పొద్దెక్కేదాకా అక్కడే కూర్చున్నాడని మా పెద్దలు చెప్పేవారు.

మరునాటి రాత్రి పోలయ్య మాట నెగ్గింది. తలుపు బార్లా తెరిచి ఉంచారు. కొండగాలి లోపలికి కొట్టి దీపం ఆరిపోయింది. ఆ చీకట్లో చిరుత వచ్చి, ఉయ్యాల పక్కన కట్టేసిన గొర్రెపిల్లను ఎత్తుకుపోయింది. బిడ్డకు ఏమీ కాలేదు. చెన్నమ్మ బిడ్డను గుండెకు కరుచుకుని తెల్లారేదాకా కన్ను మూయలేదు.

చూశావా అంటే చూశావా అని అన్నదమ్ములు కర్రలు పట్టుకునేదాకా వచ్చింది. ఆ మధ్యాహ్నం చెన్నమ్మ ఉయ్యాల తాడు పట్టుకునే కునుకు తీసింది. ఆమెకు స్వప్నంలో పసుపు ముఖంతో ఒక ముత్తయిదువ కనిపించింది. ముంగిట్లో గొర్రెలు ఉప్పు నాకే నల్లరాతి మీద ఆమె కూర్చుని ఉంది. "నీ ఇంట్లో తగువు తలుపుది కాదమ్మా. ఒకడిది బిడ్డ దిగులు, ఒకడిది చెల్లెలి దిగులు. ఒకడి దిగులును రెండోవాడి నోట పలికించు. ఆ తర్వాత నన్ను తెచ్చి తలుపు వెనుక పెట్టండి. వాకిలి ఓరగా ఉంచండి," అని ఆనతిచ్చింది.

చెన్నమ్మ లేచి, బిడ్డను చంకనెత్తుకుని గడప మీద అడ్డంగా నిలబడింది. "ఎవరి మాట వారు చెప్పింది చాలు. ఇప్పుడు ఆయన మాట నువ్వు చెప్పు పోలయ్యా. వాడి మాట నువ్వు చెప్పు మావా. అప్పటిదాకా ఈ గడప ఎవరూ దాటేది లేదు," అన్నది.

కాటయ్య కర్ర కింద పెట్టాడు. "నేనన్న మాటకే చెల్లెలు పోయింది. వచ్చి మూసిన తలుపు చూస్తే ఇంక రాదని వీడి భయం," అన్నాడు. పోలయ్య అవునన్నట్టు తల ఊపాడు. "ఉయ్యాల తలుపుకు ఎదురుగానే ఉంది," అన్నాడు అతడు. "అన్నకు ఆ ఉయ్యాలే కళ్ళలో ఆడుతోంది. నేను దాని వంక చూడనే లేదు వదినా," అని ఏడ్చాడు.

ఇక వాదానికి ఏమీ మిగలలేదు, పని మాత్రం మిగిలింది. ఉప్పురాయిని ఇద్దరూ కలిసి దొర్లించుకొచ్చి తలుపు వెనుక పెట్టారు. ఇక ఎవరు తోసినా, పక్కకు తిరిగిన మనిషి పట్టేదానికి మించి తలుపు తెరుచుకోదు. జానెడు సందు మిగిలేలా తలుపును తాడుతో లోపలి మేకుకు తగిలించారు. సందులో చెయ్యి పెట్టి తాడు తప్పించడం మనిషికి తెలుసు, చిరుతకు తెలియదు. మంద ముందు నడిచే పొట్టేలు గంటను పోలయ్య విప్పి తెచ్చి తాడుకు కట్టాడు. చెన్నమ్మ తలుపు చాటున, గాలి తగలని చోట దీపం పెట్టింది.

తొలికోడి కూసే వేళ గంట మోగింది. అన్నదమ్ములు కర్రలతో లేచేసరికి, సందులోంచి గాజుల చెయ్యి ఒకటి లోపలికి వచ్చి తాడు తప్పిస్తోంది. ఓబుళమ్మ పక్కకు తిరిగి లోపలికి వచ్చింది. ఆమె భుజాల మీద అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల ఉంది, వెనుక తల్లిగొర్రె ఉంది. అది ఈనేదాకా కొండ మీది గుహలో దానికి కాపలా ఉన్నానని చెప్పింది.

"మొన్న రాత్రి చెప్పిపోదామని వస్తే తలుపు మూసి ఉంది. నేను అక్కర్లేదేమో అనుకున్నా," అన్నది. "నిన్న రాత్రి వెన్నెల్లో కొండ మీది నుంచి చూస్తే బార్లా తీసి ఉంది, దీపం లేదు. ఇల్లు వదిలి పోయారేమో అనుకున్నా. ఈ రోజు ఓరగా ఉంది, సందులో దీపం కనిపించింది. ఇది నా కోసమే అనుకున్నా అన్నా."

కాటయ్య ఆమె కర్ర తెచ్చి ఆమె చేతిలో పెట్టి, నా మాట తప్పు తల్లీ అన్నాడు. పోలయ్య దోసిట ఉప్పు తెచ్చి తలుపు వెనుక రాతి మీద పోశాడు. ఇక్కడి తొలి నైవేద్యం అదే. ఆ రోజు మందను ఎటు తోలారో మా పెద్దలు చెప్పలేదు. దాని మీద మళ్ళీ వాదులాడుకుని ఉంటారని నా అనుమానం.

నేటికీ తగువు పడ్డవారు ఇక్కడికి జంటగా వస్తారు. భార్యాభర్తలు, తోడికోడళ్ళు, గట్టు తగాదా రైతులు, ఎవరైనా సరే. గడప ముందు నిలబడి ఎదుటివారి మాటను తన నోటితో చెప్పాలి. "అవును, నా మాట అదే," అని ఎదుటివారు ఒప్పుకుంటేనే లోపలికి రావాలి. వెటకారంగా చెబితే చెల్లదు. మొన్నీమధ్య రాత్రి ఫ్యాను వేయాలా వద్దా అన్న తగువుతో వచ్చిన ఒక జంట మధ్యాహ్నం దాకా గడప ముందే కూర్చున్నారు. చివరికి భర్తకు ఉక్క భయమని, భార్యకు పసివాడి దగ్గు భయమని తేలింది. ఇంటికి పోయి మంచం జరుపుకున్నారు.

అన్నిటికీ చెరి సగం అని దీని అర్థం కాదు. దొంగ వస్తే సగం సొమ్ము ఇమ్మని అమ్మవారు చెప్పలేదు. కొట్టే మొగుడితో సర్దుకుపొమ్మనీ చెప్పలేదు. అలా వచ్చిన ఆడబిడ్డలకు నన్ను కన్న అమ్మ ముందుగా అన్నం పెట్టి, తర్వాత వారి పుట్టింటికి కబురు చేసేది. నేనూ అదే చేస్తాను.

జాతరకు జనం పెరిగారు, తలుపు తీసేసి పెద్ద ద్వారం పెట్టాలని మా కమిటీలో సగంమంది అన్నారు. ససేమిరా అన్నవారిలో నేనొకణ్ణి. ఊరివాళ్ళు మమ్మల్నీ గడప ముందు నిలబెట్టారు. ఇరుకులో ముసలివాళ్ళు నలిగిపోతారని పెద్ద ద్వారం కావాలన్నవారి భయమట. ఆ మాట నా నోటితో చెప్పాక కానీ నాకు తలకెక్కలేదు. తలుపు అలాగే ఉంది. వృద్ధుల కోసం పక్కన నీడపందిరి, కూర్చోవడానికి అరుగు వచ్చాయి.

ఈ తల్లిని కొలిచినవారి ఇంట మాట పట్టింపులు నిలవవని, అలిగి వెళ్ళినవారు తిరిగి వస్తారని నమ్మకం. చుట్టుపక్కల ఊళ్ళలో ఇంట్లో ఎవరైనా కోపగించి బయటికి వెళితే, ఆ సాయంత్రం తలుపు ఓరగా వేసి, సందులో కనబడేలా దీపం పెడతారు. దాని అర్థం ఇక్కడ అందరికీ తెలుసు. వచ్చినవారు తట్టనక్కర్లేదు, లోపలివారు పిలవనక్కర్లేదు. పక్కకు తిరిగి లోపలికి వస్తారు, ఎవరో ఒకరు కంచం పెడతారు.