ఉప్పు బాలవ్వ మూడో పిలుపు

ఊ కొట్టండి, చెబుతాను. ఊ అనేవాళ్లు లేకపోతే ఈ కథ నడవదు.

అనగనగా కోట కింద ఒక పట్నం. ఆ పట్నంలో ఒక సందు. సందు చివర జంటరుగుల ఇల్లు. వాకిలికి ఇటొక అరుగు, అటొక అరుగు. లోపల తియ్యనీళ్ల బావి.

ఆ సందుకు ఉప్పు తెచ్చేది బాలవ్వ. నెత్తిన గంప, వెనక కొంగు పట్టుకుని చిన్న కూతురు పోశి. ఎడమ అరుగు మీద గంప దించి పిలిచేది. "ఉప్పో! ఉప్పో! ఉప్పో!" ఎప్పుడూ మూడుసార్లే.

ఆ ఇంటి పెద్దామె లచ్చవ్వ వేళాకోళం చేసేది.

"మాకేమన్న చెవుడా బాలవ్వా? గన్నిసార్లు ఒర్రుతవు?"

"ఒక్క పిలుపుకు పలికే ఇల్లు యాడుంటదవ్వా? ఉంటే చూపియ్యి, గంపెడు ఉప్పు ఊకెనే పోస్త."

నవ్వుకునేవాళ్లు. కోడలు అనసూయ కొసరు అడిగేది. బాలవ్వ దోసెడు పోసేది.

ఒక ఎండాకాలం గత్తర వచ్చింది. వాంతి, విరేచనం, పాడె. పొద్దున ఉన్న మనిషి మాపటికి లేడు.

అప్పుడే పట్నంలో ఒక మాట పుట్టింది. గత్తర తల్లి తెలిసినవాళ్ల గొంతుతో వాకిట్లో పిలుస్తుందట. రెండుసార్లే పిలుస్తుందట. మూడోసారి పిలిచేది మనిషేనట. అంతకుముందే పలికితే ఆ ఇల్లు వల్లకాడేనట. అందరూ నమ్మారు. భయమున్నచోట ఏదైనా నమ్ముతారు.

ఆ ఎండలో బాలవ్వ వచ్చింది. ఉప్పు అమ్మడానికి కాదు. దారిలోనే గత్తర తగిలింది. నాలుక పిడచగట్టింది. పోశి కూడా వాడిపోయింది. పిల్ల నోట్లోకి చెంబెడు నీళ్లు కావాలి, అంతే.

మొదటి ఇంటికి పోయింది. తాళం. రెండో ఇంటికి పోయింది. కిటికీలోంచి చూసి మూసేశారు. మూడో ఇల్లు జంటరుగుల ఇల్లు. ఎడమ అరుగు మీద కూలబడింది.

"అవ్వా, నీళ్లు!"

లోపల అనసూయ చంటివాణ్ణి ఎత్తుకుని లేచింది. "అత్తా, బాలవ్వ గొంతు."

"గొంతు గట్లనే ఉంటదట. ఆగు."

"అవ్వా... నీళ్లు..."

"అత్తా, ఆమెనే!"

"నీ చంకల పిల్లగాడున్నడే! మూడోది రానియ్యి."

అనసూయ గడియ మీద చెయ్యి పెట్టింది. చంకలో బిడ్డను చూసింది. ఆగింది.

మూడో పిలుపు రాలేదు.

చాలాసేపటికి వచ్చింది. సన్నగా.

"ఉప్పో!"

అమ్మ పిలవడం ఆపేసిందని పోశి పిలిచింది. ఆ పిల్లకు తెలిసిన పిలుపు అదొక్కటే.

గడియ తీశారు. బాలవ్వ కళ్లు వాకిలి మీదే ఉన్నాయి. ప్రాణం లేదు. అనసూయ పరుగున చెంబు తెచ్చి పోశి నోటికి అందించింది. పోశి సగమే తాగింది. మిగతా సగం అమ్మ నోట్లో పోసింది. నీళ్లు పెదవి పక్కనుంచి అరుగు మీదికి కారిపోయాయి.

పోశి ఆ ఇంట్లోనే పెరిగింది. అనసూయ బతికినన్నాళ్లూ ఆ పిల్ల అడిగిందేదీ కాదనలేదు. ఆ పిల్ల అడిగిందీ తక్కువే.

ఇప్పటికీ ఆ ఎడమ అరుగు మీద ఎవరూ కూర్చోరు. చెంబెడు నీళ్లు, పిడికెడు ఉప్పు పెడతారు. ఆ సందులో ఎవరు పిలిచినా, ఎవరని అడగరు, మొదటి పిలుపుకే పలుకుతారు. ఆటలో పడి పిల్లలు పలకకపోతే తల్లులు తిట్టరు. "బాలవ్వను నిలబెట్టకు" అంటారు. ఆ మాట వినగానే పిల్లలు ఉరికొస్తారు.

మీరేం, ఊ అనడం ఆపేశారు? అనండి.