రాజుగారి పల్లకీ, నా కడుపు

ఒకానొక రాజ్యం ఉండేది. ఎంత పెద్ద రాజ్యమంటే, తూర్పు పొలిమేరలో ఎవరైనా తుమ్మితే పడమటి పొలిమేర వాళ్ళు మర్నాటికి విని "చిరంజీవ" అనేవారు. దాన్ని ఏలే ఉద్దండవర్మ మహారాజు మీసాలు అంతకంటే పెద్దవి. ఆయన తల తిప్పితే అటూ ఇటూ ఉన్న మంత్రులు వంగి తప్పుకోవలసిందే. ఇందులో అబద్ధముంటే నా పళ్ళన్నీ రాలిపోవాలి. ఎలాగూ ఒక్కటీ లేదనుకోండి.

ఆ రాజుగారికి వింజామర వీచే ఓబులమ్మను నేనే. అప్పటికే నాకు నూట పదేళ్ళు. నడిస్తే వెదురు నిచ్చెన నడిచినట్టుండేది. నెత్తిన పదకొండు వెంట్రుకలు, వాటికి రోజూ సోలెడు ఆముదం.

ఒకరోజు నిండు కొలువులో నిలబడి వీస్తూ వీస్తూ కునుకు తీశాను. వింజామర కొస పోయి పోయి రాజుగారి ముక్కులో దూరింది. ఆయన తుమ్మిన తుమ్ముకి ఎదుట కవిత్వం చదువుతున్న పండితుడు పద్యంతో సహా వాకిట్లో పడ్డాడు. రాజుగారు నన్ను చూశారు. ఆ చూపు నా కళ్ళలోంచి దిగి, గొంతులోంచి జారి, కడుపులో కాపురం పెట్టింది.

మర్నాటి నుంచి కొలువు శంఖం ఊదితే చాలు, నా కడుపులో గుడగుడ. అది విని సామంతులు వాన వస్తోందని గొడుగులు తెప్పించుకునేవారు. ఆపైన మెలిపెట్టే నొప్పి, ఆపైన పెరటికి పరుగు. ఆ పరుగులన్నీ కలిపితే కాశీకి పోయి రావచ్చు. ఇది చాలదన్నట్టు, వింజామర పట్టగానే చెయ్యి కొయ్యబారిపోయేది.

ఇంటికి పోతే మాత్రం రెండూ మామూలే. అదే చెయ్యి రోకలి పట్టి కారం దంచేది. అదే కడుపు రాగిసంకటి ముద్దలు గుటుక్కున మింగేది. ఈ సంగతి ఎవరో రాజుగారి చెవిన వేశారు.

ఆస్థాన వైద్యులు సోమయార్యులు వచ్చారు. మంచి మనిషి. మాటకీ మాటకీ మధ్య మనం ఒక నిద్ర తీసి లేవచ్చు, అంత నిదానం. నాడి పట్టారు, నాలుక చూశారు, పొట్ట మీద తట్టి విన్నారు, చెయ్యి అటూ ఇటూ వంచారు.

"ప్రభూ, పేగులో పుండు లేదు. చేతిలో ఎముక విరగలేదు, నరం తెగలేదు. ఏ అవయవంలోనూ దోషం కనిపించలేదు. కానీ..."

"కానీలూ గీనీలూ మాకొద్దు!" రాజుగారు గర్జించారు. "దోషం లేకపోతే రోగం లేదు. రోగం లేకుండా నొప్పి అంటే దొంగవేషం! ఇంటి దగ్గర కారం దంచే చెయ్యి మా దగ్గరికొచ్చేసరికి పడిపోతుందా? ఇదే మా శాసనం. ఏదీ విరక్కుండా, ఏదీ చెడకుండా బాధ అన్నవాళ్ళు అబద్ధాలకోరులు. దసరా వెళ్ళగానే ఈ ముసలిదానికి గుండు కొట్టించి, గాడిదమీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, పొలిమేర దాటించండి!"

"మహాప్రభో, నేను అబద్ధాలు చెబుతానన్నది లోకమంతా ఎరిగిందే. పుట్టాక నిజం చెప్పింది ఈ ఒక్కసారే. దీనికా శిక్ష?" అన్నాను.

సభ అంతా నవ్వింది. మరి నవ్వదూ? మొన్నటిదాకా మా ఇంటి దోమ పిల్లినెత్తుకుపోయిందని చెప్పినదాన్ని, నేడు కడుపునొప్పి అంటే ఎవరు నమ్ముతారు?

గుండు గురించి నాకు దిగుల్లేదు. పదకొండు వెంట్రుకలకి మంగలే చిన్నబుచ్చుకుంటాడు. పొలిమేర దాటాలంటేనే గుండె జారింది. నాకు ఆ ఊరు తప్ప మరో ఊరు తెలియదు, ఆ ఊరివాళ్ళు తప్ప నా కోతలు వినేవాళ్ళు లేరు. ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

దసరా వచ్చింది. జమ్మిపూజకి రాజుగారు పల్లకీ ఎక్కి ఊరి బయటికి తరలారు. పక్కన నేను, కొయ్యబారిన చేత్తో వింజామర మోసుకుంటూ. ముందు బోయీల పెద్ద పోలయ్య "ఓహోం" అన్నాడు. మిగతా బోయీలు "ఓహోం" అంటూ అడుగు కలిపారు. పల్లకీ నీటిమీద ఆకులా కదిలింది.

దాన్ని చూస్తుంటే నా బోసినోట్లో ఒక ఆలోచన ఊరింది.

"ఏలినవారు ఏమీ అనుకోకపోతే ఒక మాట. పెళ్ళివారి పల్లకీలా ఈ అరుపులేమిటి ప్రభూ? తమంతటివారు మబ్బుల్లో చంద్రుడిలా చప్పుడు లేకుండా సాగవద్దూ?"

రాజుగారు మీసం దువ్వారు. "మాకూ చాలాకాలంగా అదే తోస్తోంది. ఆపండిరా ఆ కూతలు! నోరు మెదిపినవాడి నాలుక కోయిస్తాం!"

పోలయ్య నావైపు చూసి గొణిగాడు. "అవ్వా, కొంప ముంచావే."

"నువ్వు నోరు మూసుకుని నడువు నాయనా. తతిమ్మాది నీ అవ్వ చూసుకుంటుంది."

నడిచారు. ముందువాళ్ళ భుజం లేస్తే వెనకవాళ్ళ భుజం దిగింది. ఒకడు తొందరపడితే ఒకడు తటపటాయించాడు. లోపల మహారాజు జల్లెడలో శనగగింజ అయిపోయారు. కిరీటం ముక్కుమీదికి దిగింది. ఒక మీసం ఆకాశానికి, ఒకటి పాతాళానికి. పొద్దున ఆరగించిన బూరెలు గొంతుదాకా వచ్చి ఊరేగింపు చూసిపోతున్నాయి.

"ఆపండి! దించండి! పల్లకీ విరిగింది!"

వడ్రంగి వచ్చి కిందా మీదా చూశాడు. "బొంగు బీటవారలేదు, మేకు కదల్లేదు మహాప్రభో."

"అయితే వీళ్ళ కాళ్ళు విరిగాయి! ఆచార్యా, చూడండి!"

సోమయార్యులు ఒక్కొక్కడి మోకాలూ భుజమూ తడిమి చూశారు. "అందరివీ ఉక్కుకాళ్ళే ప్రభూ. కానీ..."

"మళ్ళీ కానీయా! కావాలని కుదుపుతున్నారన్నమాట! కొరడా తెండి!"

నేను అడ్డం పోయాను. "ప్రభూ, శిక్ష బోయీలకి కాదు, ఏలినవారికి పడాలి."

ఊరేగింపులోని ఏనుగు కూడా ఊపిరి బిగబట్టింది.

"ఏమన్నావు?"

"పల్లకీ విరగలేదు. కాళ్ళు విరగలేదు. అయినా తమరు కుదుపు, కుదుపు అంటున్నారు. ఏదీ విరక్కుండా బాధ అన్నవాళ్ళు అబద్ధాలకోరులని శాసనం చేసింది తమరే. ఉన్నది ఒకటే గాడిద. ఇద్దరం సర్దుకుందాం ప్రభూ. నేను బక్కదాన్ని, పెద్దగా చోటు పట్టదు."

"నోర్ముయ్! మా ఎముకలు ఊగిపోయాయి, కడుపు తలకిందులైంది! పడ్డవాళ్ళం మేము! అబద్ధమంటావా?"

"నేను మొత్తుకున్నదీ అదే మాట ప్రభూ."

రాజుగారు కిరీటం సర్దుకున్నారు.

"మరి దీనికి ఏమైంది?" ఈసారి గొంతు చిన్నదైంది.

"పోలయ్యకి నాలుక ఉంచుతామని తమరంటే వాడే చెబుతాడు."

రాజుగారు తలూపారు. పోలయ్య "ఓహోం" అన్నాడు. అందరూ అందుకున్నారు. అవే కాళ్ళు, అదే బొంగు. రాజుగారి పక్కనున్న చెంబులో నీరు తొణకలేదు.

పక్కన నడుస్తూ నేనన్నాను. "బోయీలని కలిపి నడిపేది ఆ పాట ప్రభూ. నా తలకీ కడుపుకీ చేతికీ మధ్య కూడా అలాంటి పాటేదో నడుస్తుంటుంది. తమరు చూసిన చూపుకి అది అడుగు తప్పింది. కారం దంచేటప్పుడు భయం ఉండదు, పాట సాగుతుంది. శంఖం వినగానే తెగుతుంది. పోలయ్య కావాలని కుదిపాడా? నేనూ అంతే."

జమ్మిచెట్టు దగ్గర దిగి రాజుగారు వైద్యులవైపు తిరిగారు. "ఆచార్యా, ఆనాడు 'కానీ' అని ఆగారు. తర్వాతి మాటేమిటి?"

"కానీ... బాధ మాత్రం నిజమే ప్రభూ. అవయవం చెడలేదు, దాని నడక చెడింది. నడకను మెల్లగా దారికి తేవచ్చు. భయం పోగొట్టడం మొదటి మందు. తర్వాత రోజూ కాస్త కాస్తగా సాధన."

"ఈ ముక్క ఆనాడే చెప్పకూడదూ?"

"తమరు కానీ దగ్గరే ఆపారు ప్రభూ."

అప్పుడు నవ్వారు మహారాజు. ఆ నవ్వుకి జమ్మి ఆకులన్నీ రాలి, పూజకి కోసే పని తప్పింది. శాసనం అక్కడికక్కడే రద్దయింది. నాకోసం కట్టేసిన గాడిదని నాకే ఇచ్చేశారు, వీపునిండా బియ్యపు మూటలూ పట్టుచీరలూ వేసి. ఆ బరువు చూస్తే, దానికంటే నన్ను మోయడమే నయమని అది అనుకుని ఉంటుంది.

నన్ను దగ్గరికి పిలిచి చెవిలో అన్నారు. "ఓబులమ్మా, మేము కప్పం కట్టే సామ్రాట్టు దూత వచ్చినప్పుడల్లా మాకూ కడుపులో..."

"తెలుసు ప్రభూ. పక్కనే నిలబడి వీచేదాన్ని, వినపడుతూనే ఉంటుంది."

నా కడుపు ఒక్కరోజులో బాగుపడిందని చెప్పను. అంతటి అబద్ధానికి నాక్కూడా నోరు రాదు. శంఖం వినగానే పెదవి కదపకుండా "ఓహోం, ఓహోం" అనుకుంటూ వీచడం నేర్చుకున్నాను. కడుపులో ఉరుములు కప్పల బెకబెకలయ్యాయి, చెయ్యి మెల్లగా వంగింది.

మళ్ళీ సామ్రాట్టు దూత వచ్చాడు. సభ అంతా నిశ్శబ్దం. నేను లోలోపల నా పాట మొదలుపెట్టాను. అంతలో సింహాసనం మీంచి, ఆ మీసాల చాటునుంచి, సన్నగా మరో గొంతు కలిసింది: "ఓహోం... ఓహోం..."

దూత ఎవరి పల్లకీ వస్తోందా అని వాకిలివైపు చూశాడు.