పేరుకు తగ్గ మోటారు డబ్బా

సామర్లకోటలో ముగ్గురు అన్నదమ్ములున్నారు. గవర్రాజు, సూరిబాబు, పండుదొర. దేవుడు ఊరి తెలివంతా తమ ముగ్గురికే పంచేసి, మిగతావాళ్ళకి చేతులు దులిపి చూపించాడని వాళ్ళ నమ్మకం. చుట్టుపక్కలవాళ్ళకి ఆ నమ్మకం లేదు గానీ, వాళ్ళనెవరడిగారు?

అంత తెలివి వృథా పోకూడదని రత్తమాంబగారి డాబా మీద గది అద్దెకి తీసుకుని మోటారు డబ్బాలు చేయడం మొదలుపెట్టారు. ట్యాంకు నిండితే మోటారు దానంతటదే ఆగాలి, ఖాళీ అయితే నడవాలి. డబ్బాకీ మోటారుకీ మధ్య దుబాసీలా ఉండే ప్రోగ్రాముని డ్రైవర్ అంటారు. అది వీళ్ళే రాశారు. డబ్బా మీద 'నీళ్ళు ఆపేది' అని పేరు కూడా రాశారు.

రత్తమాంబగారు మొహమాటం లేకుండా చెప్పేసింది. "నాయనా, రోజూ ఆ ట్యాంకు పొర్లి డాబా అంతా మడుగవుతోంది. ఆదివారం మా మనవరాలి సారెకి వడియాలు ఎండబెడుతున్నాను. ఆ రోజు నీళ్ళు పొర్లకుండా ఆపారా, గది మీది. పొర్లాయా, మీ సామాన్లు వీధిలో ఉంటాయి."

డ్రైవర్‌ని కాకినాడలోని హైమవతి మేడంకి పంపారు. రాసినదాంట్లో తప్పొప్పులు చూసి చెప్పడం ఆవిడ పని. చూస్తే లోపల ఒక్కో పనికీ ఒక్కో పేరు ఉండాల్సిన చోట ఏ, బీ, సీ, డీ అని ఉంది. "ఇవేం పేర్లండీ? పేరు చూడగానే ఏం పని చేస్తుందో తెలియాలి" అని రాసింది.

ఇంకేముంది, ముగ్గురూ బారసాలకి కూర్చున్నారు. ఒకదానికి 'ట్యాంకులో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూసి నిండితే మోటారు ఆపేది' అని పెట్టారు. ఇంకోదానికి 'ట్యాంకులో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూసి ఖాళీ అయితే మోటారు నడిపేది' అని పెట్టారు.

"చూడగానే తెలియాలంది కదా. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది" అన్నాడు గవర్రాజు.

మేడం మళ్ళీ రాసింది. "వరుసలు తెర దాటి పోతున్నాయి. తెరలో పట్టేలా చూడండి." అంతే, సూరిబాబు అక్షరాల్ని ఆవగింజంత చేశాడు. భేషుగ్గా పట్టాయి. చదవడానికి మాత్రం రత్తమాంబగారి భూతద్దం తెచ్చుకోవాల్సి వచ్చింది. మేడం తెర మీద వరుసలు ఎక్కడివక్కడే ఉన్నాయి. "పట్టాల్సింది మీ ఒక్కరి తెరలో కాదు. పేర్లు కురచ చేయండి" అని ఈసారి కాస్త ఘాటుగానే రాసింది.

కురచ చేయడం ఎంతసేపు? పండుదొర తెర అంచున గీత గీసి, గీత దాటినదాన్నల్లా కత్తిరించాడు. రెండు పేర్లూ 'ట్యాంకులో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూసి' దగ్గర తెగాయి. ఒకే పేరు రెండింటికి పెట్టారని కంప్యూటరు మొరాయించింది.

"ఒక ఇంట్లో ఒకే పేరుతో ఇద్దరుంటే గొడవే. ఒకటి తీసేద్దాం" అన్నాడు గవర్రాజు.

"ఏది తీద్దాం పెద్దన్నయ్యా?" అన్నాడు పండుదొర.

"ఏది పని చేయకుండా కూర్చుందో అది."

బయటికెళ్ళి చూశారు. ట్యాంకు సగం కూడా నిండలేదు, పరీక్షకని బిగించిన డబ్బాలో పాత డ్రైవర్‌తో మోటారు గుర్రుమని నడుస్తోంది. అంటే నడిపేది చచ్చేలా పనిచేస్తోంది. ఆపేది ఖాళీగా కూర్చుంది.

"పొద్దుటి నుంచి చూస్తున్నా, పుల్ల తీసి ఇటు పెట్టలేదు. తిని కూర్చునే రకం" అన్నాడు సూరిబాబు. తీసేశారు.

ఆపాటికి మేడం చెల్లెలి పెళ్ళి పనుల్లో పడింది. ఆవిడ లేనప్పుడు పేర్లు, వరుసల పొడుగు చూడటానికి ఒక ప్రోగ్రాము ఉంది. మోటారు ఆగుతుందా, ఊరు మునుగుతుందా అన్నది దానికి అక్కర్లేదు. అది కొలత చూసుకుని పచ్చ టిక్కు పెట్టేసింది. ముగ్గురూ కాజాలు తెచ్చుకుని తిని, కొత్త డ్రైవర్ డబ్బాలో ఎక్కించారు.

ఆదివారం వచ్చింది. ట్యాంకు నిండింది. నిండి, పొర్లింది. మోటారుకి ఆగమని చెప్పే నాథుడు లేడు.

"ఒరేయ్, మోటారు కట్టేయండ్రా, సారె వడియాలు కొట్టుకుపోతున్నాయి" అని రత్తమాంబగారు కింది నుంచి కేకలు పెట్టింది.

"మేడం చూడందే మేం ఏ మార్పూ చేయకూడదు పిన్నిగారూ" అన్నాడు గవర్రాజు శాంతంగా. స్విచ్చు అతని మోచేతి పక్కనే ఉంది. అక్కడే నిలబడి పెళ్ళిలో ఉన్న మేడంకి ఫోన్ చేశాడు.

భజంత్రీల మోతలో మేడం విసుక్కుంది. "డబ్బా మీద నీళ్ళు ఆపేది అని రాసి నీళ్ళు పొర్లిస్తారా? పేరుకీ పనికీ పొంతన ఉండొద్దా? ముందు అది సరిచేయండి."

సరిచేశారు. పండుదొర డబ్బా మీద పేరు తుడిచేసి 'నీళ్ళు పొర్లించేది' అని గుండ్రంగా రాశాడు. ముగ్గురూ వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయారు.

రత్తమాంబగారు కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పైకొచ్చింది. ఆ పేరు చదివింది. వాళ్ళ మొహాలు చూసింది. తనే స్విచ్చు కట్టేసింది. పాపం, ఎండలో నడుం వంచి పెట్టిన వడియాలు పిండిముద్దలై తూముకి అడ్డం పడి ఉంటే ఆవిడకి ఏడుపొచ్చింది. నాకైతే ఆ ముగ్గురినీ అదే తూములో తొయ్యాలనిపిస్తుంది. "సామాన్లు సర్దుకోండి" అని, మిగిలిన నాలుగు వడియాలైనా దక్కుతాయేమోనని పళ్ళెం పట్టుకుని ఏరడానికి కూర్చుంది.

"అన్నయ్యా, కొంప మునిగింది" అన్నాడు సూరిబాబు గొంతు తగ్గించి.

"గది పోయిందనా?"

"గది పోతే ఇంకోటి దొరుకుతుంది. డబ్బా మీద చూడు, పొర్లించేది అని ఉంది. ఇప్పుడు పొర్లడం లేదు. పేరు మళ్ళీ తప్పయింది. మేడం ఊరుకుంటుందా?"

గవర్రాజుకి అది నిజమే అనిపించింది. రత్తమాంబగారు చూడకుండా వెళ్ళి స్విచ్చు వేసి వచ్చాడు.