ముందు లేచిన డిస్కు

గవర్రాజు మాస్టారికి వాదించే అలవాటు లేదు. శిష్యులు ఏదడిగినా "చేసి చూద్దాం" అని లేచేవారు.

బస్టాండులో ప్రకటనలు వినిపించే కంప్యూటరు ఆయన అధీనంలో ఉండేది. అందులో రెండు డిస్కులు. ఒకదాంట్లో కొత్తగా రికార్డు చేసిన ప్రకటనలు, రెండోదాంట్లో కిందటేడు జ్వరంతో పోయిన రాజ్యలక్ష్మి చదివిన పాతవి. పారెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఏ డిస్కును తీసుకోవాలో, దేన్ని విడిచిపెట్టాలో యంత్రానికి చెప్పే నియమం ఆయన శిష్యురాలు హైమ రాసింది. మొదటిది తీసుకో, రెండోది వదిలెయ్యి. అంతే. మాస్టారు చదివి, "ఇంకొంచెం స్పష్టంగా రాయమ్మా" అన్నారు.

"నెలనాళ్ళుగా బాగానే పనిచేస్తోంది గదండీ. ఇంతకన్నా స్పష్టత ఏముంటుంది?" అంది హైమ.

"చేసి చూద్దాం" అని ఆయన లేచారు. బయటి మైకులకు పోయే తీగ ఊడదీసి, గదిలోని చిన్న స్పీకరు మాత్రం ఉంచారు. "ఒకసారి ఆపి, మళ్ళీ వెయ్యి."

హైమ అలాగే చేసింది. మిట్టమధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. యంత్రం కాసేపు గురగురలాడి నిలకడకు వచ్చింది. ఆ వెంటనే ఎవరో మెల్లిగా గొంతు సవరించుకున్నారు.

"సాలూరు వెళ్ళు ప్రయాణికులకు విజ్ఞప్తి. బస్సు మూడవ నంబరు ప్లాట్‌ఫారంపై సిద్ధముగా ఉన్నది."

ఆ గొంతు రాజ్యలక్ష్మిది. పిలుపులో మునుపటి ఆప్యాయతే, చివర అదే చిన్న నిట్టూర్పు.

"వస్తన్నానమ్మా" అని కిటికీ అవతలినుంచి ఎవరో పలికారు.

కూలి సన్యాసి. గోడ నీడలో కునుకు తీస్తున్నవాడల్లా లేచి, తలకు తువ్వాలు చుట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి ఆ పిలుపు విన్నాకే బస్సు మీదికి మూటలు ఎక్కించినవాడు. మూడో ప్లాట్‌ఫారం ఇప్పుడు లేదు. కొత్త కట్టడం కోసం తవ్వేశారు, అక్కడ నిలువు లోతు గొయ్యి.

"సన్యాసీ, ఆగు!" హైమ పరుగెత్తింది. అతను వినిపించుకోలేదు. అడ్డంగా కట్టిన తాడు దాటి కాలెత్తేసరికి వెనకనుంచి చొక్కా పట్టి గుంజింది. ఇద్దరూ మట్టిలో పడ్డారు.

సన్యాసి గోతిలోకి చూసి, ఆమె ముఖంలోకి చూశాడు. "అదేటమ్మా, ఆయమ్మ పిలిసింది గదా!"

హైమ అతన్ని లేపి, తాడుకు ఇవతల నీడలో కూర్చోబెట్టింది.

ఆమె తిరిగొచ్చేసరికి మాస్టారి ముఖం పాలిపోయి ఉంది. కిటికీ వెయ్యని తప్పు తనదేనన్నారు. హైమ యంత్రాన్ని పరిశీలించి చూస్తే సంగతి తెలిసింది. ముందు మేలుకున్న డిస్కునే యంత్రం 'మొదటిది' అంటుంది. ఈసారి పాతది ముందు లేచింది.

ఆమె నియమం చెరిపేసింది. కొత్త డిస్కుకు పుట్టుకతో ఉన్న నంబరు చూసి, ఈ నంబరుగలదాన్నే తీసుకో, మరేది వచ్చినా, ఎప్పుడు వచ్చినా తీసుకోవద్దు అని రాసింది. కిటికీ బిగించి, యంత్రాన్ని మళ్ళీ మళ్ళీ ఆపి వేసింది. పాత డిస్కు ముందు లేచినప్పుడు కూడా కొత్త గొంతే పలికింది.

అయినా ఆమెకు ధైర్యం చిక్కలేదు. పాత డిస్కు ఊడదీయబోయింది. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఉండనీ అమ్మా. అది ఉండగానే నీ నియమం నిలబడాలి. లేనివాళ్ళకు తలుపు వెయ్యడం ఎవరికైనా వచ్చు."